బెయిల్ వచ్చిన రోజు చదువు ఆగిపోకూడదు: జైళ్ల శాఖ వారికి ఒక బహిరంగ లేఖ

జైళ్ల శాఖ పెద్దలకు, విజయవాడ, గుంటూరు జిల్లా జైళ్ల సూపరింటెండెంట్లకు, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ సార్లకు,

నమస్కారమండీ.

ముందు నేనెవరో చెప్పాలి కదా. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుంటే తోచక, తెలిసినాయన లారీ బాడీ బిల్డింగ్ షెడ్డు విజయవాడ ఆటోనగర్‌లో ఉంటే పొద్దున్నే అక్కడికి వెళ్లి కొత్తగా చేరిన కుర్రాళ్ల చేతిపని సరిచేస్తుంటాను. జీతం లేదు, టీ ఇస్తారు. ఆ కుర్రాళ్లలో కొందరు మీ దగ్గర్నుంచి వచ్చినవాళ్లు. చేరేటప్పుడు ఎవరూ చెప్పరు. పక్కవాడు చెవిలో ఊదుతాడు, లేకపోతే నెల తిరక్కుండానే "సార్, రేపు వాయిదా ఉంది, రాలేను" అని వాడే నోరు విప్పాల్సొస్తుంది.

వాయిదా ఉంది అన్నాడంటే అర్థమైంది కదండీ, కేసు ఇంకా నడుస్తోంది. శిక్ష పడి, అనుభవించి వచ్చినవాడు కాదు వాడు. రిమాండ్‌లో రెండు మూడు నెలలో, గంజాయి కేసైతే ఆరు నెలలో ఉండి బెయిల్ మీద బయటికొచ్చినవాడు. మా షెడ్లకు వచ్చేది దాదాపు వీళ్లే. మీ శాఖ నేర్పే చదువూ పనీ మాత్రం శిక్షపడ్డవాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ఈ లేఖ మొత్తం ఈ తేడా గురించే.

శిక్షపడ్డవాళ్ల కోసం మీరు చేస్తున్నదాన్ని తక్కువ చేయడం లేదు. రాజమండ్రి సెంట్రల్ జైలు చూడండి, డచ్చివాళ్ల పాత కోటలో 1864 నుంచి సెంట్రల్ జైలుగా నడుస్తోంది, లోపల వడ్రంగం ఉంది, నేత ఉంది, ఇనుప సామాను తయారీ ఉంది. అనంతపురంలో ఓపెన్ జైలు ఉంది, పొలం పని చేయిస్తారు. మీ శాఖ పెట్రోలు బంకుల్లో ఖైదీలే పెట్రోలు కొడతారు, అక్కడ కొలత మోసం ఉండదని జనం వెతుక్కుని మరీ వెళ్తారు. ఇగ్నో ఖైదీల దగ్గర ఫీజు తీసుకోదు, జైల్లోనే స్టడీ సెంటర్లు పెడుతుంది. లోపలే డిగ్రీ పూర్తి చేసి పట్టా పుచ్చుకున్నవాళ్ల ఫొటోలు పేపర్లో చూస్తూనే ఉంటాం. మంచిదే. కానీ డిగ్రీకి మూడేళ్లు కావాలి, నేత నేర్చుకుని చేయి తిరగాలంటే ఏడాది కావాలి. ఏడేళ్లు, పదేళ్లు, జీవితఖైదు పడి రాజమండ్రికో నెల్లూరుకో వెళ్లినవాడికి టైముంది. విజయవాడ గాంధీనగర్ జైల్లో మొన్న చేరి, బెయిలొస్తే వచ్చే నెల వెళ్లిపోయేవాడికి ఏముంది?

వీళ్లేమీ కొద్దిమంది కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివరికి దేశం మొత్తం జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. మొత్తం ఖైదీల్లో సుమారు మూడింట రెండొంతులు పదో తరగతి దాటనివాళ్లు. జిల్లా జైళ్లలో, సబ్ జైళ్లలో విచారణ ఖైదీల పాలు ఇంకా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే పెద్ద శిక్ష పడగానే మనిషిని సెంట్రల్ జైలుకు మార్చేస్తారు. కాబట్టి విజయవాడ జైలైనా గుంటూరు జైలైనా, అక్కడ చదువు గురించి ఆలోచించేటప్పుడు లెక్కలోకి ముందు రావాల్సింది రిమాండ్ కుర్రాడే. మనం ఆఖరున కూడా వాణ్ని లెక్కేయడం లేదు.

లోపల వాడి రోజు ఎలా గడుస్తుందో నాకంటే మీకే బాగా తెలుసు. రిమాండ్ పదిహేను రోజులకోసారి పొడిగిస్తారు, ఈమధ్య అదీ వీడియోలోనే. పోలీసులు 60 రోజుల్లో, పెద్ద కేసైతే 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, కమర్షియల్ క్వాంటిటీ అంటే ఇరవై కిలోల పైన గంజాయి దొరికితే ఆ గడువు 180 రోజులు. ఈ రోజులన్నీ ఏం చేశావురా అని ఒకణ్ని అడిగితే, "ఏముంది సార్, తినడం, పడుకోవడం, టీవీ, బెయిల్ గురించి టెన్షన్" అన్నాడు. ఇంకాసేపు మాట్లాడితే అసలు విషయం బయటపడింది. లోపల వాడికి ముగ్గురు నలుగురు కొత్తవాళ్లు పరిచయమయ్యారు, నర్సీపట్నం వైపునుంచి సరుకు ఎవరు దింపుతారో, ఎంతిస్తారో, ఏ రూటైతే చెకింగ్ తక్కువో ఇప్పుడు వాడికి పేరుపేరునా తెలుసు. అంటే లోపల క్లాసు జరుగుతూనే ఉందండీ, సిలబస్సే మనది కాదు.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. ఊరూ పేరూ వద్దు. సన్నగా ఉంటాడు, చురుకైనవాడు. గంజాయి కేసులో, ఎవరిదో బ్యాగు మోసినందుకు, కొన్ని నెలలు లోపలున్నాడు. వెల్డింగ్ రాడ్డు చేతికిచ్చిన రోజు అందరిలాగే ప్లేటుకు అతికించేశాడు, లాగితే రాదు, ఊపితే హోల్డర్ ఊడొస్తుంది, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వారం తిరిగేసరికి ఆర్క్ పట్టేశాడు. నెల దాటాక నిలువు జాయింట్ మీద కిందినుంచి పైకి వాడు వేసే రన్, అంటే అతుకు వరస, చూస్తే నాకే ముచ్చటేసింది, పైన పెచ్చు కట్టిన స్లాగ్ కొట్టగానే పొలుసులు పొలుసులుగా ఒకే తీరున ఉండేది. వీడు పైకొస్తాడు అనుకున్నాను. అప్పుడు యజమాని ఒక లారీ పక్క ఫ్రేమ్‌కు యాంగులర్ ముక్కలు కోయమని వీడికి అప్పజెప్పాడు. టేపు తీశాడు, చూశాడు, మళ్లీ చూశాడు, పక్కకొచ్చి "సార్, నూటముప్ఫై ఏడున్నర ఎక్కడ?" అని గొంతు తగ్గించి అడిగాడు.

నూరు దాటాక టేపు మీద అంకెలు వాడికి అర్థం కావడం లేదు. సెంటీమీటరులో మిల్లీమీటర్లు ఎన్నో తెలియదు. అంగుళాల వైపు తిప్పితే సగం, పావు, అందులో సగం అసలే తెలియదు. వాడు ఆరో తరగతిలో బడి మానేశాడు. చేతిలో పని ఉంది, కానీ కొలత తెలియకపోతే ఆటోనగర్‌లో వాడు ఎప్పటికీ హెల్పరే, ఇంకొకడు గీసిచ్చిన గీత మీద రన్ వేయాల్సిందే. హెల్పర్ కూలికీ మేస్త్రీ కూలికీ మధ్య తేడా వెల్డింగ్‌లో కంటే ఈ టేపులోనే ఎక్కువ ఉంటుంది. వాడి చార్జిషీటు కాగితాల వెనక ఖాళీలో నేనే వాడికి భిన్నాలు నేర్పాను, భోజనాల టైములో. నాలుగైదు మధ్యాహ్నాలు పట్టింది, అంతే. జైల్లో వాడికి ఖాళీ మధ్యాహ్నాలు ఎన్ని గడిచాయో ఆలోచించండి.

కాబట్టి చదువు వేరు, పని వేరు అని రెండుగా విడగొట్టకండి. ఇరవై నాలుగేళ్లవాణ్ని కూర్చోబెట్టి అ ఆ లు దిద్దమంటే సిగ్గుపడతాడు, వెనక బెంచీలో పడుకుంటాడు. అదే వాడి చేతికి టేపిచ్చి గది కొలవమనండి, ఎంత పెయింటు పడుతుందో లెక్క వేయమనండి, స్విచ్ బోర్డు మీద ఏ అక్షరం ఎక్కడుందో చదవమనండి, లేచి కూర్చుంటాడు. వయోజన విద్యకు పుస్తకాలు అచ్చువేసే సార్లు ఈ ఒక్క మాట చెవిన పెడితే చాలు.

మీరనే మొదటి మాట నాకు తెలుసు. విచారణ ఖైదీ చేత పని చేయించకూడదు, చట్టం ఒప్పుకోదు అంటారు. బలవంతంగా చేయించకూడదు, నిజమే, కఠిన శిక్ష పడ్డవాళ్లకే అది వర్తిస్తుంది. కానీ వాడంతట వాడు ముందుకొస్తే పనివ్వొచ్చు, కూలీ కూడా ఇవ్వొచ్చు, కేంద్రం 2016లో ఇచ్చిన మోడల్ ప్రిజన్ మాన్యువల్ దానికి అడ్డు చెప్పదు. పాఠం వినడానికైతే ఏ అడ్డూ లేనే లేదు. పైగా నేనడిగేది పని చేయించమని కాదు, నేర్పించమని.

రెండో మాట, ఎప్పుడు వెళ్లిపోతాడో తెలియనివాడికి కోర్సు ఎలా పెడతాం అని. ఇది మాత్రం సరైన ప్రశ్న. ఇప్పుడున్న కోర్సులన్నీ మూడు నెలలో ఆరు నెలలో పూర్తి చేస్తేనే సర్టిఫికెట్ ఇస్తాయి, మధ్యలో పోతే గుండుసున్న. అందుకే కోర్సును ముక్కలు చేయమంటున్నాను. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో 30 గంటల నేర్పుకు ఒక క్రెడిట్ అని లెక్క కట్టారు, బడి చదువుకైనా చేతిపనికైనా అదే లెక్క. రోజుకు రెండు గంటల చొప్పున పదిహేను రోజులు, అంటే ఒక్క రిమాండ్ పొడిగింపు కాలం. ఒక క్రెడిట్ దానిలో సరిపోతుంది! కొలతలు, లెక్క ఒక ముక్క. ఇంటి వైరింగ్‌లో బోర్డు కట్టడం, మెట్ల దగ్గర టూవే స్విచ్ వేయడం ఇంకో ముక్క. మోటార్ సైకిల్ ఇంజను విప్పి మళ్లీ బిగించడం ఒకటి, కార్బొరేటర్, క్లచ్ ప్లేట్లు ఇంకొకటి. డ్రాయింగ్ చదవడం ఒకటి. ఏ ముక్క పూర్తయితే దాని క్రెడిట్ వాడి ఖాతాలో పడాలి. నెలకే బెయిలొస్తే రెండు ముక్కలతో వెళ్తాడు, మిగతావి బయట ఐటీఐలో సాయంత్రం పూట పూర్తి చేసుకుంటాడు. ఆ బయట సీటు ఎక్కడో, ఎవర్ని కలవాలో లోపల ఉన్నప్పుడే రాసిచ్చేయాలి.

ఇంకో సంగతి. లోపలికి వచ్చేవాళ్లంతా పని రానివాళ్లు కాదు. పెయింటర్లు, తాపీమేస్త్రీలు, ఏసీ మెకానిక్కులు, డ్రైవర్లు అందరూ ఉంటారు. పదేళ్లు పని చేసినా చేతిలో ఒక్క కాగితం ఉండదు. ఉన్న పనితనాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి నైపుణ్యాభివృద్ధి వాళ్ల దగ్గర ఎప్పట్నుంచో ఉంది, కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. అసెసర్‌ను జైలు గేటు దాటించి లోపలికి పంపండి, అంతే. ఆ మేస్త్రీల చేతే కొత్తవాళ్లకు నేర్పించవచ్చు కూడా.

సర్టిఫికెట్ మీద మాత్రం దయచేసి జైలు పేరు వేయకండి. ట్రైనింగ్ సెంటర్: జిల్లా జైలు, అని ముద్ర వేసిస్తే వాడు దాన్ని ఎవరికీ చూపించడు, ట్రంకు పెట్టె అడుగున పెట్టేస్తాడు.

ఇక పనిముట్లు. వార్డర్లకు భయం ఉంటుంది, ఉండాలి కూడా. గ్యాస్ సిలిండరు, కటింగ్ టార్చి జైల్లోకి తీసుకెళ్లమని నేనూ అడగను. కానీ టేపు, మల్టీమీటరు, స్విచ్ బోర్డు, ఒక పాత ఇంజను, వీటికేం భయం? స్క్రూడ్రైవర్లు, స్పానర్లు ఎలా లెక్క పెట్టుకోవాలో ప్రతి ఐటీఐ స్టోర్‌కీపర్‌కీ తెలుసు. గోడకు బోర్డు పెట్టి, ఏ పనిముట్టు ఎక్కడ తగిలించాలో దాని ఆకారం పెయింటుతో గీసేస్తాం. ఒక్కటి లేకపోయినా ఖాళీ ఆకారం దూరం నుంచే కనపడుతుంది. తీసుకున్నవాడు తన నంబరు బిళ్ల ఆ కొక్కేనికి తగిలించి పోతాడు. క్లాసులో పిల్లలు చివరి గంటలో స్పానర్ జేబులో వేసుకుపోకుండా సర్వీసంతా ఇలాగే కాపాడుకున్నాం, మీ లోపలున్నవాళ్లను మించిన దొంగలు మా దగ్గరా ఉండేవారు లెండి!

ఆడవాళ్ల బ్యారక్ గురించి రెండు మాటలు. ఆడ ఖైదీ అనగానే కుట్టుమిషనో బ్యూటీ పార్లరో తప్ప ఎవరికీ ఇంకేదీ తట్టదు. గుంటూరు చుట్టుపక్కల ఆడవాళ్లు మిర్చి తొడిమలు తీసే కూలికి వెళ్లి, ఆ ఘాటుకు దగ్గుతూ రోజంతా కూర్చుంటారు. జైలుకెళ్లొచ్చినామెకు ఆ పనైనా ఇవ్వరు ఒక్కోసారి. వాళ్లకు కంప్యూటర్ మీద బిల్లు కొట్టడం, జీఎస్టీ లెక్కలు రాయడం నేర్పండి. విజయవాడ బీసెంట్ రోడ్డు షాపుల్లో, వస్త్రలత హోల్‌సేల్ కొట్లలో ఆ పని తెలిసినవాళ్ల కోసం బోర్డులు పెట్టి మరీ వెతుకుతున్నారు.

నేర్పడం ఒక ఎత్తు, కాగితాలు ఇంకో ఎత్తు. లోపలికెళ్లిన మనిషి ఫోన్ తొంభై రోజులు వాడకపోతే సిమ్ రద్దయ్యే అవకాశం ఉంది. నంబరు పోయిందంటే ఆధార్ ఓటీపీ రాదు, బ్యాంకు ఓటీపీ రాదు, పాత మేస్త్రీ ఫోన్ చేసినా తగలడు. బయటికొచ్చిన వారమంతా వాడు ఆధార్ సెంటర్ల చుట్టూ తిరుగుతాడు, చేతిలో రూపాయి ఉండదు, అప్పుడు ఫోన్ చేసి "బ్యాగు మోస్తావా" అని అడిగేవాడు మాత్రం సరిగ్గా దొరుకుతాడు. ఆధార్ లేనివాడికి మీరిచ్చే జైలు ప్రవేశ పత్రాన్నే గుర్తింపుగా తీసుకుని ఆధార్ నమోదు చేయొచ్చని ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ ఎప్పుడో ఒప్పుకుంది. నెలకోసారి ఆధార్ కిట్ లోపలికి వస్తే సగం గొడవ గేటు దాటకముందే తీరిపోతుంది.

మరో సంగతి, బెయిలొచ్చీ బయటికి రాలేనివాళ్లు. ఇద్దరు జామీనుదార్లు, ఆస్తి కాగితాలు అంటే కూలి పని చేసుకునే కుటుంబం ఎక్కడి నుంచి తెస్తుంది? ఇలాంటివాళ్లకు జామీను డబ్బు కట్టే పథకం కేంద్రం 2023లో పెట్టింది. బెయిలొచ్చి ఏడు రోజులైనా విడుదల కాకపోతే సూపరింటెండెంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలని సుప్రీంకోర్టు అదే ఏడాది జనవరిలో చెప్పింది. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు తన మీదున్న నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే, కొన్ని పెద్ద నేరాలు తప్ప, కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యతా సూపరింటెండెంటుదే అని కొత్త నేర విచారణ చట్టం, నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ అంటోంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ప్రతి మనిషి తారీఖుల లెక్క మీ దగ్గర ఎలాగూ ఉండాల్సిందే కదా, ఆ రిజిస్టర్లోనే ఇంకో రెండు గళ్లు గీయండి. ఎంతవరకు చదివాడు, ఏం పని వచ్చు. చేరిన మొదటి వారంలోనే అడగండి. ఇప్పుడు చదువెంత అని అడుగుతారు, రాసుకుంటారు, ఆ రాసుకున్నది గణాంకాలకు పంపడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మన ప్రాంతానికి ఈ పని కొత్తేమీ కాదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సంగతి మీకు తెలుసు. నేరస్త తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను 1913లో అక్కడ సెటిల్‌మెంట్ పెట్టి ఉంచారు, నడిపింది సాల్వేషన్ ఆర్మీ. పుట్టిన కులాన్ని బట్టి మనిషిని దొంగ అని రాసిపెట్టిన చట్టం అది. పని నేర్పి మనుషుల్ని చేస్తాం అన్నారు, ఆ సెటిల్‌మెంట్ మనుషుల్ని చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలుగా పంపారు. హాజరు పట్టీ, చౌక కూలీ, బయటికి పోవాలంటే చీటీ. చట్టం 1952లో పోయింది, పేరు మాత్రం పోలేదు. మళ్లీ 1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి హేమలతా లవణం, లవణం గార్లు వెళ్లి ఆ కుటుంబాల మధ్య పని మొదలుపెట్టారు. హేమలత గారు మన జాషువా కవిగారి కూతురు. వాళ్లు జైలు బయట, ఇంటి గడపలో మొదలుపెట్టారు, భార్యలతో మాట్లాడారు, పిల్లల చదువు చూశారు. సంస్కరణ పేరు మీద రెండు పనులూ మన కళ్ల ముందే జరిగాయి. ఒకటి మనిషిని చౌకగా వాడుకోవడం, రెండోది మనిషితో కూర్చుని మాట్లాడటం. రేపు ఈ కుర్రాళ్లకు పనిప్పించడానికి మీరు ఆటోనగర్ యజమానులతో ఒప్పందం చేసుకుంటే, అప్పుడు ఏది చేస్తున్నారో ఒకసారి చూసుకోండి.

ఎందుకంటే ఆ ప్రమాదం ఉంది. మావాళ్లను నాకు తెలుసు. "జైలు కుర్రాడా, అయితే సగం జీతమిస్తా, నోరెత్తడు" అనే యజమానులు ఉంటారు. ఖైదీ పనికి న్యాయమైన కూలీ ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లోనే గుజరాత్ కేసులో చెప్పింది. కులాన్ని బట్టి జైల్లో ఊడ్చే పని ఒకడికి, వంట పని ఇంకొకడికి పంచడం రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబరులో చెప్పింది. లోపలున్నవాడికే ఇన్ని హక్కులుంటే బయటికొచ్చి షెడ్డులో చెమటోడ్చేవాడికి లేకుండా ఎలా పోతాయి? ఒప్పందంలో మొదటి షరతుగా పక్కవాడికి ఇచ్చే కూలే వీడికీ అని రాయండి.

రెండో షరతు వాయిదా రోజు సెలవు. దీనికి జీతం కోసినా పర్లేదు, ఉద్యోగం మాత్రం తీసేయకూడదు. ఈ చిన్న విషయం దగ్గరే చాలామంది జారిపోతారు. సెలవడిగితే తీసేస్తాడేమోనని వాడు యజమానికి చెప్పడు, కోర్టుకు పోడు, వారెంట్ వస్తుంది, పోలీసులు షెడ్డు ముందే పట్టుకుపోతారు, యజమాని "చూశావా, వీళ్ల బుద్ధే అంత" అంటాడు. వాయిదా తారీఖులు ముందే యజమానికి తెలిసేలా ఒక కార్డు ఉంటే చాలు. రౌడీ షీటు తెరిచిన కుర్రాళ్లను స్టేషన్‌కు కౌన్సెలింగ్‌కు పిలిచే ఆదివారాలు కూడా అందులో రాయొచ్చు, ఆదివారం ఓవర్‌టైం ఉండే షెడ్లకు అదీ ఇబ్బందే.

అన్ని కేసులూ ఒకటి కాదు, అది కూడా ఒప్పుకోవాలి. ఆడపిల్లల మీద అఘాయిత్యం కేసున్నవాణ్ని ఆడవాళ్లు పనిచేసే చోట పెట్టమని నేను చెప్పను. తాగి బండి నడిపి మనిషిని గుద్దినవాడికి లారీ స్టీరింగ్ ఇవ్వమనీ చెప్పను. ఏ కేసో యజమానికి దాచిపెట్టి అంటగట్టొద్దు. కుర్రాడి ఒప్పుకోలుతో, యజమాని ఒక్కడికే, ఉన్నదున్నట్టు చెప్పాలి. దాచి పెట్టిన ఉద్యోగం ఆరు నెలలు నిలవదు, నేను చూశాను. డెలివరీ యాప్‌ల వైపు మాత్రం వీళ్లను ఆశ పెట్టకండి, అక్కడ పోలీసు వెరిఫికేషన్‌లో పెండింగ్ కేసు బయటపడి, కొన్న టీషర్టు చేతిలో మిగులుతుంది. మనిషిని చూసి పనిచ్చే చోట్లు మనకు ఇంకా ఉన్నాయి. ఆటోనగర్ ఉంది, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ ఉంది, గుంటూరు మిర్చియార్డు చుట్టూ కోల్డ్ స్టోరేజీలున్నాయి. ఆ కోల్డ్ స్టోరేజీల్లో కంప్రెసర్ చూసుకునే ఆపరేటర్ పని నేర్పితే ఏడాది పొడవునా జీతం ఉంటుంది, సీజన్‌తో సంబంధం లేదు.

"చదువుకున్న మా పిల్లలకే ఉద్యోగాల్లేవు, జైలుకెళ్లినవాళ్లకా?" అని ఈ లేఖ కింద చాలామంది అంటారు, మా ఇంట్లోనే అన్నారు. కోపం అర్థమవుతుంది. కానీ వాడింకా దోషి అని తేలలేదు, అది ఒకటి. రెండోది, మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా వాడు రెండు నెలల్లో మళ్లీ మన సింగ్‌నగర్‌కో కృష్ణలంకకో లాలాపేటకో రావాల్సినవాడే, ఎక్కడికీ పోడు. 1977లో మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక కేసు ఉంది, ఉద్యోగాలిప్పిస్తానని కుర్రాళ్లను మోసం చేసి డబ్బు గుంజిన మనిషిది. మోసపోయినవాళ్లు అచ్చం మన పిల్లల్లాంటి నిరుద్యోగులే. అయినా జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ మూడేళ్ల శిక్షను ఏడాదిన్నరకు తగ్గించి, శిక్షంటే పగ తీర్చుకోవడం కాదు, మనిషిని బాగుచేసి పంపడం, లోపల అతనికి తగిన పని అప్పజెప్పండి అని రాశారు. ఆ తీర్పును లా కాలేజీల్లో పాఠంగా చెబుతారు. తీర్పొచ్చి నలభై ఎనిమిదేళ్లు దాటింది, గాంధీనగర్‌లో రిమాండ్ కుర్రాడి మధ్యాహ్నం ఇంకా ఖాళీగానే ఉంది.

ఇప్పుడు మా వంతు. నాలాంటి రిటైర్డ్ ఇన్‌స్ట్రక్టర్లు విజయవాడ, గుంటూరుల్లో చాలామందిమి ఉన్నాం. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, మోటార్ మెకానిక్, అన్ని ట్రేడుల వాళ్లం. రోజుకు రెండు గంటలు వచ్చి చెప్పడానికి నాకు తెలిసినవాళ్లలో కొందరు సిద్ధంగా ఉన్నారు, డబ్బు అడగరు. కొలతలు, ఇంటి వైరింగ్, ఈ రెండు ముక్కలతో మొదలుపెడదాం. టేపులు, బోర్డులు, వైర్లు మేమే తెచ్చుకుంటాం. పాత ఇంజను ఒకటి ఇస్తానని షెడ్డాయన అన్నాడు, ఆయిల్ కడిగి పంపిస్తాడట. మీరు చేయాల్సింది మూడు పనులు. వారంలో ఏ రోజులు, ఏ టైములో రావాలో చెప్పండి. గేటు దగ్గర లోపలికి అనుమతించే వస్తువులేవో లిస్టు పంపండి, తీరా వచ్చాక వైరు కట్టర్ తీసి పక్కన పెట్టేస్తే బోర్డు కట్టడం పళ్లతో చూపించలేం. క్రెడిట్ కాగితం సంగతి నైపుణ్యాభివృద్ధి వాళ్లతో మాట్లాడి, దాని మీద ఏ సంస్థ పేరు ఉంటుందో ముందే తేల్చండి.

లిస్టు వచ్చిన సోమవారమే మొదలుపెడతాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్,
విజయవాడ